మూడో పిలుపు

అంతరిక్షం ఎలా ఉంటుందో నాకెవరూ చెప్పక్కర్లేదు.
కాట్రేనికోన అవతల రొయ్యల చెరువుల మధ్య
మా నాన్న కాపలా కాసే రేకుల మకాంలో
అమావాస్యనాడు ఒకసారి పడుకుని చూడండి.
నీళ్ళు కనబడవు. గట్లు కనబడవు.
బల్బులు మాత్రం గట్టు మీద ఒక వరస,
నీళ్ళలో తలకిందులుగా ఇంకో వరస.
ఎటు పైనో తెలీదు.

అక్కడే కట్టాను నా ఓడ,
సెకండ్‌హ్యాండ్ లాప్‌టాప్‌లో, మూడేళ్ళు,
పగలు మీసేవలో జనం పేర్లు దిద్దుతూ
రాత్రిళ్ళు ఒక్కదాన్నే.

ఇంజను చప్పుడు ఏరేటర్లది.
ఫోను మేతసంచిలో చుట్టి గట్టున పెట్టి
తెల్లవార్లూ రికార్డు చేశాను.
చచ్చిపోతున్న నక్షత్రం
ఉప్పుటేటికి అవతల గ్యాస్ బావి మంట.
గాలి ఎంత మిగిలిందో చూపే అంకె
నాన్న మీటరులోదే:
నాలుగంటే పర్లేదు,
మూడంటే పరిగెత్తాలి,
రెండంటే పంట తేలిపోయినట్టే.

ఆటలో రాక్షసులు లేరు.
ఓడలో ఒకడే కాపలావాడు.
నిద్ర లేచినప్పుడల్లా
హాజరుపట్టీలో తన పేరు చూసుకోవాలి.
ఓలేటి పోలయ్య.
వేరేది తోచక నాన్న పేరే పెట్టాను.
లేచినప్పుడల్లా ఒక అక్షరం తగ్గుతుంది.

ఈ ఊహ నాది కాదు.
మల్లాడి నూకరత్నం నా కౌంటరు దగ్గర వదిలేసి పోయింది.
కార్డులో ఒత్తు ఎగిరిపోయి
ఏడు నెలలుగా ఆమెకు పింఛను లేదు.
"నేను నేనేనని ఎవరు చెప్పాలమ్మా?"
అద్దం కన్నంలోంచి నన్నే అడిగింది, నవ్వుతూ.
ఆ నవ్వును ఆటలో పెట్టడం నాకు చేతకాలేదు.

ఓలేటి పోల
ఓలేటి పో
(ఇక్కడ కొందరు ఆపేస్తారు)
ఓలేటి
ఓలే
ఓ

ఆ ఒక్కటే మిగిలిన రాత్రి
ఓడ బయటినుంచి, ఊపిరే ఆడని చోటునుంచి
ఎవరో పేరుపెట్టి పిలుస్తారు. నిండు పేరు.
మైకు ముందు "ఓ" అని పలికామా
తలుపు తెరుచుకుంటుంది, ఆట అయిపోతుంది.
తలుపవతల ఏముందో నేను రాయలేదు.
భయమా బద్ధకమా అంటే చెప్పలేను.

ఎక్కడెక్కడి వాళ్ళో ఆడారు.
అందరూ మొదటి పిలుపుకే పలికారు.
పేరంతా పోయాక పేరుపెట్టి పిలిస్తే
ఎవరు ఊరుకుంటారు?

మొన్న రాత్రి నాన్న ఆడతానన్నాడు.
మేత చేతులు లుంగీకి తుడుచుకుని
హెడ్‌ఫోన్లు వద్దని, స్పీకరు పెట్టించి కూర్చున్నాడు.
తన పేరు తరుగుతుంటే ఏమీ అనలేదు.
పది నిమిషాలకోసారి అంకె చూసి
కాపీపుస్తకంలో రాసుకున్నాడు,
నిజం చెరువు లెక్క కిందే, ఓడ లెక్క కూడా.

పిలుపు వచ్చింది.
పలకలేదు.
మళ్ళీ వచ్చింది.
బీడీ వెలిగించాడు.
"రాత్రిపూట మూడుసార్లు పిలిస్తేగానీ పలక్కూడదే.
మీ నాయనమ్మ చెప్పలేదూ?
అవి రెండుసార్లకి మించి పిలవలేవు."

నేను రాసింది రెండు పిలుపులే.
రెండే ఎందుకు రాశానో
ఆ నిమిషందాకా నాకూ తెలీదు.

తెర మీద ఓ. కదలదు.
ఓడ ఇంజనూ చెరువు ఏరేటర్లూ
ఒకే చప్పుడుగా తిరుగుతున్నాయి.
అప్పుడు రెండిట్లో ఒకటి ఆగింది.
ఏది ఆగిందో పోల్చుకునేలోపు
గట్టు వైపునుంచి, రేకు తలుపు అవతలనుంచి

ఓలేటి పోలయ్యా...

పక్క చెరువు ఆనందబాబే అయ్యుంటాడు.
కరెంటు పోయిందని చెప్పడానికి వచ్చుంటాడు.
మకాంలో బల్బు వెలుగుతూనే ఉంది.
ఆనందబాబు నాన్నని మావా అంటాడు.

"ఓ" అన్నాడు నాన్న
టార్చి అందుకుంటూ, మామూలుగా.

తెర మీద తలుపు కదిలింది.
రేకు తలుపు కూడా కిర్రుమంది.
నేను రెండిటి వైపూ చూడలేదు.
మీటరు చూశాను.
మూడు పాయింట్ ఒకటి.